పీజీ గదుల్లోని పిల్లల కోసం: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

కర్ణాటక ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

బెంగళూరులోని మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో (పేయింగ్ గెస్ట్ హాస్టళ్లలో) ఉండే తెలుగు పిల్లల తరఫున రాస్తున్నాను. ఉద్యోగం రాలేదని, బ్యాక్‌లాగ్స్ మిగిలాయని లోలోపల నలిగిపోతున్నవాళ్లు చాలామంది. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం "బాగానే ఉన్నా" అంటారు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ ఎన్‌సీఆర్‌బీ లెక్క.

అదే ఏడాది అక్టోబరు 10న మానసిక ఆరోగ్య సాయం కోసం ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ మొదలైంది. దానికి దారి చూపిస్తున్న మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ మన ఊళ్లోనే ఉంది. 14416కి ఏ వేళ ఫోన్ చేసినా ఉచితంగా మాట్లాడతారు, తెలుగులో కూడా. చాలా మంచి పని, మనస్ఫూర్తిగా చెబుతున్నాను. కానీ ముగ్గురుండే గదిలో, పక్క మంచం మీద రూమ్మేట్ ఉండగా, తన బాధ గొంతు విప్పి ఎలా చెప్పుకుంటారు? తెలుగులో టైప్ చేస్తే కౌన్సెలరే, అంటే మనిషే, జవాబిచ్చే చాట్ సేవ కావాలి. పరిస్థితి తీవ్రంగా ఉంటే ఆ కౌన్సెలర్ వెంటనే డాక్టరుతో కలపాలి. మర్నాడు తనే మళ్లీ పలకరించాలి. ఆ రెండో పలకరింపు ప్రాణం నిలబెడుతుందని నా గట్టి నమ్మకం.

ప్రతి పీజీ నోటీసు బోర్డు మీద, కాలేజీ ఐడీ కార్డు వెనక 14416 ఉండేలా ఆదేశాలివ్వండి. చాట్ సేవకు వచ్చే బడ్జెట్‌లోనే నిధులు కేటాయించండి.

ఇట్లు,
బెంగళూరులో ఉంటున్న ఒక తెలుగు తల్లి