జ్వరం వేళ చలి ఎందుకు వేస్తుంది?

తిరుపతి

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం అందింది. జ్వరం 102 దాటిన రాత్రి బాబుకు నుదురు కాలిపోతున్నా కాళ్ళూ చేతులూ చల్లబడి, ముంజేతి మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, దుప్పటి కావాలని ఏడ్చాడని రాశావు. అమ్మ కప్పమంటే చెల్లెమ్మ తడిగుడ్డతో తుడవాలందనీ, ఎవరి మాట వినాలో పాలుపోలేదనీ అన్నావు. జ్వరం ఎలా పుడుతుందో తెలిస్తే ఆ జవాబు నీకే దొరుకుతుంది కనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

ఒంటిని వేడెక్కించేది క్రిములేనని చాలామంది అనుకుంటారు, కానీ ఆ వేడిని పుట్టించేది మన శరీరమే. క్రిమి లోపలికి చొరబడగానే తెల్లరక్తకణాలు దాన్ని పసిగట్టి ఇంటర్‌ల్యూకిన్ల వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. వాటి ప్రభావంతో మెదడులో ప్రోస్టాగ్లాండిన్ ఇ2 అనే మరో రసాయనం తయారై, ఒంటి వేడి ఎంత ఉండాలో నిర్ణయించే హైపోథాలమస్‌లోని గుర్తును 98.6 నుంచి 102కో 103కో జరుపుతుంది. ఇస్త్రీపెట్టె మీటను పట్టు నుంచి నూలుకు తిప్పితే, పెట్టె ఆ వేడిని అందుకునేదాకా కాగుతూనే ఉంటుంది కదా, ఇదీ అంతే.

గుర్తు పైకి జరిగిన ఆ క్షణం నుంచి, ఒళ్ళు నిన్నటి వేడితోనే ఉన్నా, మెదడు లెక్కలో అది చల్లగా ఉన్నట్టే. అందుకే వేడి బయటికి పోకుండా చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, బాబు కాళ్ళూ చేతులూ చల్లబడింది దానివల్లనే. కండరాలు వణికి వేడిని పుట్టిస్తాయి, పళ్ళు కటకటలాడేది అందుకే. వేడి కొత్త గుర్తును చేరుకోగానే వణుకు ఆగిపోతుంది. తరువాత గుర్తు మళ్ళీ కిందికి దిగినప్పుడు రక్తనాళాలు విప్పారి, చెమట పట్టి, జ్వరం విడుస్తుంది.

కాబట్టి వణుకుతున్నంతసేపూ అమ్మ మాటే సరైనది, అయితే బొంత కాదు, పలుచటి దుప్పటి చాలు. ఆ సమయంలో చన్నీళ్ళతో తుడిస్తే వణుకు ఇంకా పెరుగుతుంది. వణుకు ఆగాక దుప్పటి తీసేయాలి. పారాసిటమాల్ ప్రోస్టాగ్లాండిన్ తయారీని తగ్గించి గుర్తును దించుతుంది. జ్వరం లేనివారు వేసుకుంటే ఒళ్ళు చల్లబడకపోవడానికి కారణమదే. పిల్లవాడు బాధపడుతుంటే బరువుకు తగిన మోతాదులో ఇవ్వాలి గానీ, థర్మామీటరులోని అంకెను దించడం కోసమే ఇవ్వనక్కరలేదని నా అభిప్రాయం. ఆస్పిరిన్ మాత్రం పిల్లలకు ఇవ్వవద్దు.

జ్వరం వల్ల మేలు కూడా ఉంది. 1975లో అమెరికాలో శాస్త్రవేత్త మాథ్యూ క్లూగర్ బృందం, తమంతట తాము వేడి పుట్టించుకోలేని ఎడారి ఇగ్వానాలనే బల్లులకు బాక్టీరియా ఎక్కించి వేరువేరు ఉష్ణోగ్రతల్లో ఉంచితే, వెచ్చగా ఉన్నవే ఎక్కువ బతికాయి. అది చదివినప్పటి నుంచి నాకు జ్వరమంటే భయం తగ్గి గౌరవం పెరిగింది.

వడదెబ్బ మాత్రం వేరు. మే నెలలో మా తిరుపతిలో ఎండ 40 డిగ్రీల సెల్సియస్ దాటినప్పుడు ఎవరైనా ఒళ్ళు కాలి సొమ్మసిల్లితే, అక్కడ గుర్తు జరగదు, వేడే అదుపు తప్పుతుంది. పారాసిటమాల్ పనిచేయదు, వెంటనే నీడకు చేర్చి, నీళ్ళతో తడిపి, విసురుతూ ఆసుపత్రికి తీసుకుపోవాలి.

వానాకాలం కనుక మరొక్క మాట. డెంగీలో అసలు ప్రమాదం తరచుగా జ్వరం దిగుతున్న రోజుల్లోనే మొదలవుతుంది. బాబుకు జ్వరం తగ్గినా కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత కనిపిస్తే తెల్లవారేదాకా ఆగవద్దు. అమ్మకు నా నమస్కారాలు చెప్పు, చెల్లెమ్మకు ఈ ఉత్తరం చదివి వినిపించు. బాబు ఎలా ఉన్నాడో వెంటనే రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు