రాత్రి పూట లాడ్జి తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను కావలిలో వైర్‌మన్‌ని, ఇరవై రెండేళ్ళ నుంచి ఇదే పని. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. మా అమ్మాయి ఫోన్లో టైప్ చేసి పెడతానంటే నేను చెప్తా ఉండా, తప్పులుంటే సర్దుకోండి, పొడుగైతే కత్తిరించుకోండి గానీ తాళం సంగతి మాత్రం తీసెయ్యొద్దు.

పోయిన నెల మా అత్తకి తుంటి ఎముక ఆపరేషన్ అయింది, నెల్లూరు పొగతోటలో. వార్డులో పేషెంటు పక్కన ఒక్కరినే ఉండనిస్తారు కదా, మా ఇంటామె లోపల ఉండింది, నేనూ మా బామ్మర్దీ పక్క సందులో ఒక లాడ్జిలో రూం తీసుకున్నాం, రోజుకి 600. ఆ రేటుకి దొరికే రూముల్లో దిగేది మాలాంటోళ్ళే, ఉదయగిరి, వింజమూరు, కందుకూరు, ఆత్మకూరు నుంచి పేషెంట్లని తెచ్చుకున్నోళ్ళు, సంచిలో ఒక ప్లేటు, గ్లాసు, దుప్పటి పెట్టుకుని ఎన్ని రోజులుండాలో తెలియకుండా వచ్చినోళ్ళు. లాడ్జి బాగుందా బాగాలేదా అని చూసే ఓపిక ఎవరికీ ఉండదు, హాస్పిటల్‌కి ఎంత దగ్గర అని ఒక్కటే చూస్తాం.

మూడో రోజు రాత్రి రెండు దాటినాక మా ఇంటామె ఫోన్ చేసింది, అమ్మకి రక్తం ఎక్కించాలంట, చీటీ రాసిచ్చారు, బిన్నా రా అని. చొక్కా తగిలించుకుని మూడో అంతస్తు నుంచి దిగి వచ్చాను, కింద కొలాప్సిబుల్ గేటు వేసి తాళం వేసుంది. రిసెప్షన్ టేబుల్ దగ్గర ఎవరూ లేరు. వాచ్‌మన్ అబ్బయ్య కోసం పిలిచాను, గేటు ఊపాను, బోర్డు మీద ఉన్న నంబర్‌కి ఫోన్ చేస్తే టేబుల్ సొరుగులోనే మోగింది. పైనుంచి ఇద్దరు ముగ్గురు లేచొచ్చారు, ఏందన్నా ఏమైంది అని. దాదాపు పావుగంట అయినాక ఆ పిల్లోడు రోడ్డు అవతల టీ బంకు బెంచీ మీద నుంచి కళ్ళు నులుముకుంటా వచ్చాడు, తాళంచెవి వాడి మొలతాడుకి కట్టుంది. లోపల ఉక్కగా ఉంది, దోమలు కూడా, అందుకని బయట పడుకున్నానన్నా అన్నాడు. వాడిని ఏమని తిట్టేది, పద్దెనిమిదేళ్ళు కూడా ఉండవు, పొద్దున ఆరు నుంచి రాత్రి దాకా బకెట్లు మోసేది కూడా వాడే.

రక్తం దొరికింది, మా అత్త బాగానే ఉంది, ఇప్పుడు వాకర్ పట్టుకుని నడుస్తా ఉంది. కానీ ఆ పావుగంట నాకు మనసులో నుంచి పోలేదు. ఆ టైంలో నేను పోవాల్సింది ఒక రక్తం చీటీ కోసం. అదే కింద మంట లేచి ఉంటే?

ఈ మాట ఊరికే భయపెట్టడానికి అనడంలా, మరుసటి రోజు పొద్దున ఆ బిల్డింగ్ అంతా నా పని కళ్ళతో తిరిగి చూశాను. ఉన్నది ఒకటే మెట్ల దారి. ఆ మెట్ల కింద ప్యానెల్ బోర్డు, బోర్డుకి తలుపు లేదు, పక్కనే జనరేటర్‌కి డీజిల్ క్యాను, పాత పరుపులు రెండు నిలబెట్టున్నాయి, వాటి ముందు బైకులు, అందులో ఒక కరెంటు స్కూటర్ ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద చార్జింగ్ పెట్టుంది. అంటే అంటుకోవడానికి ఏవేవి కావాలో అన్నీ మనుషులు పారిపోయే దారి మొదట్లోనే పేర్చి పెట్టారు. మెట్లు నిట్టనిలువునా పైదాకా పోతాయి, కింద పొగ లేస్తే ఆ మెట్ల గుంటే పొగగొట్టం అయిపోతుంది, రెండు మూడు నిమిషాల్లో పై అంతస్తు వరండా నిండిపోతుంది. పొగతోట పేరులోనే ఉంది కదా బావా అని మా బామ్మర్ది జోకేశాడు, నాకు నవ్వు రాలా.

ఇంక వైరింగ్ సంగతి. ఆ బిల్డింగ్ మొదట ఎవరో కాపురానికి కట్టుకున్న ఇల్లు, తర్వాత ప్లైవుడ్ పెట్టి రూములు చీల్చారు, ఆ తర్వాత ఒక్కో రూంకి ఏసీ పెట్టారు, గీజర్ పెట్టారు, కానీ గోడలో వైరు మాత్రం ఫ్యాను, లైటు కోసం ఎప్పుడో లాగిందే. రోహిణి కార్తెలో అన్ని ఏసీలూ ఒకేసారి తిరిగితే ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే దానంతట అదే కరెంటు ఆపేసే స్విచ్, ట్రిప్ అవుతుంది. ట్రిప్ అయిందంటే అది దాని డ్యూటీ అది చేసినట్టు, వైరు కాలకుండా కాపాడినట్టు. ఓనర్లకి మాత్రం అదొక జబ్బులాగా కనిపిస్తుంది, గెస్టులు గొడవ చేస్తున్నారు ఏదో ఒకటి చెయ్యి అంటారు, మా వాళ్ళు 16 ఆంప్స్ ఎంసీబీ తీసేసి, దానికి రెట్టింపు కరెంటు పోనిచ్చే 32 ఆంప్స్‌ది పెట్టి పోతారు. ఇంక ట్రిప్ కాదు. వైరు కాగుతుంది, ఎక్కడైతే మెలితిప్పి టేపు చుట్టిన జాయింట్ ఉందో అక్కడ మొదలవుతుంది, అది ఫాల్స్ సీలింగ్ పైన ఉంటే వాసన వచ్చేదాకా ఎవరికీ తెలియదు. దాచుకునేదేముంది, నేను కూడా పని నేర్చిన కొత్తల్లో ఒకచోట ఇట్లాగే 32 పెట్టి వచ్చాను, కూలీ డబ్బులు పోతాయని. తర్వాత ఆ రూంలో ప్లగ్గు కరిగి గోడ నల్లబడితే నేనే పోయి మళ్ళీ మందంగా ఉండే 4 స్క్వేర్ వైరు లాగాను, ఎవరికీ ఏం కాలేదు కాబట్టి ఇప్పుడు చెప్పగలుగుతా ఉండా.

దిగినోళ్ళ తప్పు కూడా లేకపోలేదు. పేషెంటుకి జావ కాయాలని రూంలోనే ఇండక్షన్ స్టవ్ పెడతారు, కొంతమంది చిన్న గ్యాస్ సిలిండర్ కూడా తెస్తారు, నీళ్ళు కాగడానికి బకెట్లో రాడ్ వేసి హాస్పిటల్‌కి పోతారు. నెల్లూరు దోమల గురించి నేను చెప్పేదేముంది, మంచం కింద కాయిల్ వెలిగించి పడుకుంటారు, పక్కన నేలదాకా వేలాడే దుప్పటి. కానీ దోమల కోసం కిటికీలకి మెష్ కొట్టేసి, దాని మీద దొంగల భయానికి గ్రిల్లు, గ్రిల్లు బయట లాడ్జి పేరున్న పెద్ద ఫ్లెక్సీ, ఇది మాత్రం మేం చేసింది కాదు. మా రూం కిటికీ తెరిస్తే ఫ్లెక్సీ వెనకవైపు కనిపించింది, గాలి లేదు, రోడ్డూ కనపడదు, అరిచినా రోడ్డు మీదకి వినపడదు.

వరండాలో ఒక ఎర్ర సిలిండర్ ఉంది, మంట ఆర్పేది. దానికి పసుపు కుంకుమ బొట్లు చక్కగా పెట్టున్నాయి, ఆయుధపూజ నాటివి. మీటర్ ముల్లు చూస్తే ఎర్ర గీత దగ్గర పడిపోయుంది. ఏడాదికోసారి పూజ జరుగుతుంది గానీ రీఫిల్ జరగలా.

ఇట్లాంటి చోట ఏమవుతుందో మనం పేపర్లోనే ఎన్నోసార్లు చదివాం. 2022 సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో కింద కరెంటు బైకుల షోరూం, పైన లాడ్జి, కింద అంటుకుంటే పొగ మెట్ల మీదుగా పైకి పోయి 8 మంది చనిపోయారు, కొందరు కిటికీల్లోంచి దూకారు. 2020 ఆగస్టు 9న మన విజయవాడలో కోవిడ్ పేషెంట్లని పెట్టిన హోటల్లో తెల్లవారుజామున మంటలు లేచి 10 మంది పోయారు. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో 2019 ఫిబ్రవరిలో 17 మంది, కలకత్తా బుర్రాబజార్ దగ్గర 2025 ఏప్రిల్‌లో 14 మంది, అందులో ఎక్కువమంది పొగకి ఊపిరాడకే. నిద్రలో ఉన్నోడికి పొగ తెలియదండీ, కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, పరుపులో ఫోం, వైరు మీద ప్లాస్టిక్ కాలితే వచ్చే పొగ నాలుగు సార్లు పీలిస్తే మనిషి లేవడానికి కూడా తెలివి ఉండదు.

మా అన్న కొడుకు ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్‌లో చదువుతున్నాడు, ఈ సంగతి చెబితే వాడు ఇంకొకటి చెప్పాడు. ఆ రాష్ట్రంలోనే చిల్డర్స్ అనే చిన్న ఊర్లో 2000 జూన్‌లో, తక్కువ డబ్బులతో దేశాలు తిరిగే పిల్లలు దిగే హాస్టల్ ఒకటి అర్ధరాత్రి దాటినాక కాలిపోయి 15 మంది చనిపోయారంట. అక్కడ కూడా ఇవే, కిటికీలకి కమ్మీలు, తలుపుకి అడ్డంగా మంచం, అలారం పనిచెయ్యలా. ఆ తర్వాత అక్కడ చవక బసలకని విడిగా ఫైర్ రూల్స్ పెట్టారంట, పొగ వస్తే మోగే అలారం, కరెంటు పోయినా వెలిగే లైటు తప్పనిసరి.

మన దగ్గర లెక్క వేరు. కమర్షియల్ బిల్డింగ్ 15 మీటర్ల ఎత్తు దాటితే ఫైర్ డిపార్ట్‌మెంట్ ఎన్‌ఓసీ, అంటే మాకు అభ్యంతరం లేదని వాళ్ళిచ్చే కాయితం, కావాలి. పొగతోట, ట్రంక్ రోడ్డు, రైల్వే స్టేషన్ ఎదురు సందుల్లో చూడండి, చవక లాడ్జీలు ఎక్కువ భాగం గ్రౌండ్ మీద మూడంతస్తులు, పన్నెండు పదమూడు మీటర్ల దగ్గర ఆగిపోతాయి. ఎత్తు కొలిచే టేపుకి అవి అందవు. పెద్ద హోటల్లో రెండు మెట్లదారులు, పైన నీళ్ళు చల్లే పైపులు, బాణం గుర్తు లైట్లు అన్నీ ఉంటాయి, అక్కడ రూంకి ఇద్దరు పడుకుంటారు. ఇక్కడ రూంకి ఆరుగురు.

ఆరుగురు అన్నది మామూలు రోజుల్లో. రొట్టెల పండక్కి చూడాలి. బారాషహీద్ దర్గాకి, స్వర్ణాల చెరువుకి లక్షల మంది వస్తారు, తమిళనాడు నుంచి, కర్ణాటక నుంచి, మహారాష్ట్ర నుంచి కూడా, ఆరోగ్య రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె అని చేతులు మార్చుకుంటారు. ఘాట్ దగ్గర బందోబస్తు గట్టిగానే చేస్తారు, అది ఒప్పుకోవాలి. కానీ ఆ జనం రాత్రికి పడుకునేది లాడ్జీల్లో, ఒక్కో రూంలో పదిమంది పన్నెండు మంది, వరండాలో చాపలు, మెట్ల మీద కూడా మనుషులు. ఆ రాత్రుల్లో గేటుకి తాళం వేసుంటే నాకు ఊహించుకోవడానికి కూడా ఒళ్ళు జలదరిస్తుంది.

ఖాళీ చేసిన రోజు ఓనర్‌ని అడిగాను, ఆయన మంచిగానే మాట్లాడాడు. అన్నా, గేటు తీసిపెడితే బైకులు పోతున్నాయి, పోయిన ఏడాది రెండు పోయినాయి, డబ్బులు కట్టకుండా తెల్లవారుజామున జారుకునేవాళ్ళు కూడా ఉండారు, ఏం చెయ్యమంటావు అన్నాడు. ఆయన బాధ అబద్ధం కాదు. నేను గేటు తీసిపెట్టమని అనలేదు. బయటనుంచి తాళం, లోపలనుంచి చెయ్యి తిప్పితే తెరుచుకునే లాక్ ఉంటుంది కదా, అది వేయించండి, లేకపోతే తాళంచెవి ఇంకొకటి గేటు పక్కన అద్దం పెట్టెలో పెట్టండి, అవసరమైతే పగలగొట్టుకుంటాం, లేదంటే వాచ్‌మన్‌కి గేటు లోపలే ఒక ఫ్యాను, దోమతెర ఇచ్చి అక్కడ పడుకోబెట్టండి అన్నాను. చూద్దాం అన్నాడు. బ్యాటరీతో నడిచే పొగ అలారం వరండాకి ఒకటి పెడితే రెండు మూడు రోజుల రూం అద్దె కూడా కాదు అన్నాను. దానికీ చూద్దామే అన్నాడు.

అందుకే మీ పేపర్ ద్వారా అధికారులకి ఒక మాట. లాడ్జీలకి రాత్రుళ్ళు పోలీసులు వస్తారు, రిజిస్టర్ చూస్తారు, ఆధార్ జిరాక్సులు చూస్తారు. అదే రాకలో ఇంకొక్క ప్రశ్న అడగండి, తాళంచెవి ఏది, ఎంతసేపట్లో తెస్తావు, తెచ్చి తెరువు చూద్దాం అని. దీనికి కొత్త జీవో అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. ఏటా ఏప్రిల్ 14 నుంచి ఫైర్ వాళ్ళు వారోత్సవాలు చేస్తారు, 1944లో అదే రోజు బొంబాయి డాక్‌లో ఓడ పేలి చనిపోయిన ఫైర్ సిబ్బంది గుర్తుగా. స్కూళ్ళలో డెమోలు ఇస్తారు, మంచిదే, పిలకాయలు ఇంటికొచ్చి చెప్తారు. ఒక రోజు పొగతోట సందుల్లో కూడా ఆ బండి తీసుకురండి, అసలు ఆ సందులోకి బండి పడుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది, రెండు పక్కలా ఆగిన బైకులు చూస్తే నాకైతే నమ్మకం లేదు. కార్పొరేషన్ వాళ్ళు కిటికీల మీద ఫ్లెక్సీలు, మెట్ల కింద సామాన్లు తీయిస్తే చాలు, మిగతాది తర్వాత. రొట్టెల పండక్కి ముందే జరిగితే ఇంకా మంచిది.

మాలాగా దిగేవాళ్ళకి కూడా నేను చెప్పేది, రూంలోకి పోగానే బ్యాగ్ పెట్టకముందు మెట్లు ఎటు ఉన్నాయో, మీ తలుపు నుంచి ఎన్ని తలుపుల అవతలో లెక్కపెట్టుకోండి, పొగలో కళ్ళు కనపడవు, చెయ్యే కళ్ళు. పొగ వస్తే నేలకి వంగి పొండి, కింద గాలి కొంచెం బాగుంటుంది. వరండా నిండిపోయిందంటే బయటికి పోవద్దు, తలుపు వేసి సందుల్లో తడి గుడ్డలు కుక్కి, కిటికీ దగ్గర సెల్ టార్చ్ ఊపండి, 101 గానీ 112 గానీ కొట్టండి. లిఫ్ట్ ఎక్కొద్దు, ఎక్కితే కరెంటు పోయి మధ్యలో ఆగిపోతుంది.

వచ్చే నెల మా అత్తని చెకప్‌కి రమ్మన్నారు, రెండు రోజులు ఉండాలంట. మా ఇంటామె మళ్ళీ ఆ లాడ్జే చెప్పమంటుంది, దగ్గర కదా, రోడ్డు దాటితే హాస్పిటల్, వాకర్‌తో అంతకంటే దూరం నడిపించలేం అంటుంది. ఆమె చెప్పేదీ నిజమే. నిన్న ఫోన్ చేసి రూం ఉందా అని అడిగి, గేటు తాళం ఏం చేశారన్నా అని కూడా అడిగాను. వాచ్‌మన్ పిల్లోడు ఎత్తాడు. నా దగ్గరే ఉందన్నా అన్నాడు.

ఇట్లు,
ఒక వైర్‌మన్,
కావలి, నెల్లూరు జిల్లా