ఆటలో మూడో తలుపు

సంపాదకులకు నమస్కారం.

పెళ్లి ప్రపోజల్స్‌లోకి వీడియో గేములు ఎలా వస్తున్నాయో చెబుతూ మీ ఆదివారం అనుబంధంలో వేసిన వ్యాసం చదివాను. ఈ తరానికి పెళ్లి కూడా ఆటైపోయిందని రాసిన చోట మనసు చివుక్కుమంది. నన్ను పెళ్లి చేసుకుంటావా అని మా ఆయన అడిగింది ఒక ఆటలోనే.

ఆయన ప్రోగ్రామర్ కాదు, లెక్కల టీచర్. మేమిద్దరం ఆడే పజిల్ గేమ్‌లో ఎవరి లెవెల్ వాళ్లు తయారుచేసుకునే వీలుంది. రెండు నెలలు రాత్రిళ్లు కూర్చుని, ఆ పని నేర్చుకుని, నాకోసం ఒక లెవెల్ కట్టారు. మొదటి గది మాకు పరిచయమైన లైబ్రరీ. రెండోది నేను పనిచేసే ల్యాబ్ మెట్లు. నైట్ డ్యూటీ అయ్యాక ఆయన నాకోసం ఎదురుచూసిన చోటు. మూడో గదికి నాలుగంకెల తాళం. పుట్టినరోజులు వేశాను, మొదటిసారి కలిసిన తేదీ వేశాను, తెరుచుకోలేదు. నలభై నిమిషాలు తంటాలు పడ్డాను. పక్కనే కూర్చున్న ఆయన ముఖంలో టెన్షన్ తెలుస్తూనే ఉంది, అయినా నోరు విప్పలేదు. చివరికి తట్టింది. పెద్ద గొడవపడి మూడు వారాలు మాటలు మానేశాక, మళ్లీ మాట్లాడుకున్న రోజు అది. ఆ తేదీ ఆయన గుర్తుపెట్టుకున్నారని నాకు అప్పుడే తెలిసింది.

లోపల గోడమీద ఆ ప్రశ్న, కింద మూడు తలుపులు. అవును, కాదు, ఇంకా ఆలోచించాలి. నేను మూడోదాంట్లోకి వెళ్లాను. అప్పటికి మా ఇంట్లో విషయం తెలియదు, ఉద్యోగం మారాలా వద్దా అన్నదీ తేల్చుకోలేదు. ఆ గదిలో కిటికీ, దీపం, కుర్చీ, గోడమీద ఒకే మాట: ‘ఎంతకాలమైనా సరే.’ మిగతా గదులకు ఎంత శ్రద్ధ పెట్టారో దీనికీ అంతే పెట్టారు. పదకొండు రోజుల తర్వాత మామూలుగా ఫోన్ చేసి సరేనన్నాను.

అందుకే, ఆట వాడారా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. అడిగించుకునే మనిషికి జవాబు చెప్పే చోటు మిగిల్చారా అన్నదే చూస్తాను. 2007 చివర్లో అమెరికాలో ఒక ప్రోగ్రామర్, తన స్నేహితురాలికి ఇష్టమైన బిజ్యువెల్డ్ ఆటను నింటెండో డీఎస్ అనే చేతిలో పట్టుకుని ఆడే గేమ్ పరికరం కోసం తానే మళ్లీ రాశాడు. ఆమె ఒక స్కోరు దాటగానే తెరమీద ఉంగరం వచ్చేలా పెట్టాడు. అరచేతిలో పట్టే చిన్న తెర, చూసేది ఆమె ఒక్కతే. 2011లో ఇంకొకాయన పోర్టల్ 2 అనే పజిల్ గేమ్‌లో ప్రత్యేకంగా లెవెల్ కట్టించి, అందులో గ్లాడోస్ పాత్రకు గొంతు ఇచ్చిన ఎలెన్ మెక్‌లెయిన్ చేతే మాటలు చెప్పించాడు. ఇవి చదివితే నాకు ముచ్చటేసింది.

2018లో వచ్చిన స్పైడర్‌మ్యాన్ గేమ్ సంగతి వేరు. ఒక అభిమాని కోరితే, ఆట తయారుచేసిన ఇన్‌సోమ్నియాక్ వాళ్లు ఒక థియేటర్ బోర్డు మీద అతని ప్రియురాలి పేరుతో సహా ప్రపోజల్ రాసిపెట్టారు. ఆట విడుదలయ్యేలోపే ఆ ఇద్దరూ విడిపోయారు. అడిగిన అబ్బాయి మీద నాకు జాలే. కానీ ఆ అమ్మాయి పేరు, ముక్కూమొహం తెలియని లక్షలమంది ఇళ్లలో టీవీల మీద కనిపించింది. స్టేడియం తెర మీద అడిగినా, లైవ్ పెట్టి అడిగినా అంతే. అక్కడ ఉండేది ‘అవును’ అనే తలుపు ఒక్కటే. అందరూ చూస్తుంటే కాదనడానికి ఎంత ధైర్యం కావాలో ఆ వీడియోలకు లైకులు కొట్టేవాళ్లు ఒక్కసారి ఆలోచించాలి.

పెళ్లి రోజు సంగతి వేరే. అది నలుగురూ చూడాల్సిందే, దూరాన ఉన్నవాళ్లను దగ్గర చేస్తే టెక్నాలజీకి నేను దండం పెడతాను. 2020లో కోవిడ్ వల్ల పెళ్లిళ్లు ఆగిపోయినప్పుడు, యానిమల్ క్రాసింగ్ ఆటలోని దీవుల మీద స్నేహితులను పిలుచుకుని వేడుక చేసుకున్న జంటలున్నాయి. మా పెళ్లికి, కాలు విరిగి మంచంలో ఉన్న నా స్నేహితురాలు వీడియో కాల్‌లో వచ్చింది. ఆమె ఉన్న ఫోన్ పట్టుకోవడమే పనిగా మా తమ్ముడిని పెట్టాం. లేకపోతే ఆ హడావుడిలో అది ఏ కుర్చీలోనో బోర్లా పడి ఉండేది.

ఒక్క జాగ్రత్త చెబుతాను. ఇలాంటివి చేసుకున్నవాళ్లు వాటిని దాచుకోండి. మొన్న కొత్త ల్యాప్‌టాప్‌లో ఆ గేమ్ వేస్తే మా లెవెల్ తెరుచుకోలేదు. కొత్త వెర్షన్ పాత ఫైళ్లను చదవడం లేదట. పాత ల్యాప్‌టాప్‌లో ఇంకా ఆడుతోంది. అదీ మూలపడేలోపు, ఈ ఆదివారం ఇద్దరం కూర్చుని ఆ గదులన్నీ తిరుగుతూ స్క్రీన్ రికార్డ్ చేద్దామనుకున్నాం. ‘కాదు’ తలుపు వెనక ఏం పెట్టారో ఇంతవరకూ నేను చూడలేదు. ఆ రోజు చూస్తాను.

– ఒక పాఠకురాలు