సెలవులకు ముందే పుస్తకాలు ఇప్పించండి: ఒడిశా విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఒడిశా పాఠశాల, సామూహిక విద్యాశాఖ మంత్రి గారికి,

గజపతి జిల్లా పర్లాకిమిడి నుంచి ఒక విద్యార్థిని తండ్రి నమస్కరించి చేసుకుంటున్న విన్నపం.

గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల బడుల్లో తెలుగు చదువుకుంటున్న ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల గురించి ఈ లేఖ రాస్తున్నాను. అడిగేది ఒక్కటే. వేసవి సెలవులు ఇవ్వకముందే ఆ పిల్లల చేతికి నాలుగైదు తెలుగు కథల పుస్తకాలు, కొత్త తరగతికి కావలసిన నోటుబుక్కులు అందేలా ఉత్తర్వు ఇవ్వండి.

మన రాష్ట్రంలో విద్యాసంవత్సరం ఏప్రిల్ మొదట్లో ఆరంభమై, ఎండలు ముదరగానే ఆగిపోతుంది. 2024లో ఏప్రిల్ 25 నుంచి, 2025లో ఏప్రిల్ 23 నుంచి సెలవులు ఇచ్చారు. అంటే పిల్లలు కొత్త తరగతిలో కూర్చునేది సుమారు మూడు వారాలు. ఆ తర్వాత జూన్ నడిమి దాకా బడి మొహం చూడరు. వడగాడ్పులకు భయపడి సెలవులు ముందుకు జరిపితే తల్లిదండ్రులుగా మాకు సంతోషమే. అయితే చివరి పనిదినాన పంచుదామని దాచిన సామాను ఏదైనా, ఆ తేదీ ఉన్నట్టుండి జరిగితే, వానలు పడేదాకా గదిలోనే ఉండిపోతుంది.

ఆ రెండు నెలల్లో చదవడానికి మా పిల్లలకు ఏముంది? పొద్దున్నే కొందరు పెద్దవాళ్ల వెంట జీడితోటలకు వెళ్లి పిక్కలు ఏరుతారు. మధ్యాహ్నం ఎండకు ఇంటిపట్టున ఉండే మూడు నాలుగు గంటలూ ఫోనుకే పోతాయి. పర్లాకిమిడిలో తెలుగు దినపత్రిక దొరుకుతుంది కాని, పదకొండు పన్నెండేళ్ల పిల్లలు చదివే తెలుగు పుస్తకం కావాలంటే సరిహద్దు దాటి పాతపట్నమో శ్రీకాకుళమో వెళ్లాలి. అక్కడి దుకాణాల్లోనూ ఎక్కువగా కనబడేవి గైడ్లే.

ఇక నోటుబుక్కుల సంగతి. పరీక్షలు అయిపోగానే మా ఇళ్లలో పాత నోటుబుక్కులన్నీ బయటికి తీసి, రాయని కాగితాలు చింపి, దబ్బనంతో కుట్టి, పైన ఒడియా పేపరుతో అట్ట వేస్తాం. అందులో కొన్ని రూళ్ల కాగితాలు, కొన్ని తెల్లవి, మధ్యలో తమ్ముడి నాలుగు గీతల కాపీ కాగితాలు. ఏడో తరగతి పిల్ల ఆ నాలుగు గీతల మధ్య బీజగణితం లెక్క చేస్తుంటే, ఏ అంకె ఏ వరసలోదో దిద్దే మాస్టారికే తెలియదు. విద్యా హక్కు చట్టం కింద కేంద్రం 2010లో చేసిన నియమాలు ఉచిత పాఠ్యపుస్తకాలు, రాత సామగ్రి, యూనిఫాం అని మూడింటినీ ఒకే వాక్యంలో చెప్పాయి. పాఠ్యపుస్తకాలకూ యూనిఫాంకూ సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకంలో తలా ఇంతని లెక్క ఉంది. రాత సామగ్రి భారం మాత్రం ఇంటి మీదే పడుతోంది.

అవతల ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు బ్యాగు, నోటుబుక్కులు, బూట్లు, బెల్టు, యూనిఫాం కలిపి కిట్టుగా ఇస్తున్నారు. ప్రభుత్వం మారితే దాని పేరు మారింది కాని కిట్టు ఆగలేదు. మా మేనల్లుళ్లు ఆ వైపున, మా పిల్లలు ఈ వైపున చదువుతారు కనుక పెళ్లిళ్లలో కలిసినప్పుడు పోలికలు తప్పవు. బూట్లూ బెల్టూ మేం అడగడం లేదు, నోటుబుక్కులు చాలు.

కథల పుస్తకాలకు కొత్త పథకం అక్కర్లేదు. సమగ్ర శిక్ష కింద బడి స్థాయిని బట్టి ఏటా 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రంథాలయ గ్రాంటు ఉంది. నేషనల్ బుక్ ట్రస్టు తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తోంది; సికింద్రాబాదులోని మంచి పుస్తకం సంస్థ తక్కువ ధరకు ఇస్తుంది; ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో ఉన్న తెలుగు కథలను వారి షరతుల మేరకు ఎవరైనా ఉచితంగా అచ్చు వేసుకోవచ్చు. ఎంపిక దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. చవకగా వస్తున్నాయని పేజీకి రెండు మాటలుండే బొమ్మల పుస్తకాలు కొని పంపితే, ఎనిమిదో తరగతి కుర్రవాడు దాన్ని చెల్లెలి చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. ఈ వయసుకు కావలసినవి సాహస కథలు, శాస్త్రవేత్తల జీవితాలు, కొంచెం పొడవైన జానపద కథలు.

అన్నిటికన్నా పెద్ద అడ్డంకి స్టాకు రిజిస్టరు. బడిలో పుస్తకం పోయినా చిరిగినా జవాబు చెప్పుకోవలసింది హెడ్మాస్టరే. ఆయన మాత్రం ఏం చేస్తారు, బీరువాకు తాళం వేస్తారు. సెలవుల్లో ఇంటికిచ్చిన పుస్తకాల్లో కొన్ని తిరిగి రాకపోయినా, నలిగి వచ్చినా హెడ్మాస్టరు నుంచి వసూలు చేయబోమనీ, అలాంటివాటిని రిజిస్టరులో కొట్టివేయవచ్చనీ మీ శాఖ రాతపూర్వకంగా చెప్పాలి. ఆ హామీ లేకుండా ఎన్ని పుస్తకాలు కొన్నా అవి బీరువా దాటవు.

ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణంలో ఉంది. వీలైతే ఎనిమిదో తరగతి వరకూ ఆ భాషలోనే బోధించాలని 2020 జాతీయ విద్యావిధానం చెప్పింది. పర్లాకిమిడికి ఈ మాట కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్లోనే ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ, కొండల్లోని సవర గిరిజనుల పిల్లలకు సవర భాషలోనే వాచకాలు తయారు చేశారు. మా విన్నపాన్ని మన్నించేటప్పుడు ఆ సవర పిల్లలను కూడా కలుపుకోండి. వారి సెలవులూ ఇలాగే గడుస్తాయి.

పుస్తకాల జాబితా డిసెంబరులో ఖరారై, ఫిబ్రవరి నెలాఖరుకు సరుకు బ్లాకు విద్యాధికారి కార్యాలయాలకు చేరి, ఏప్రిల్‌లో బడి తెరిచిన మొదటి వారంలోనే పంపకం పూర్తయితే, సెలవులు ఎంత ముందుకు జరిగినా ఇబ్బంది ఉండదు. జూన్‌లో పిల్లలు తిరిగి వచ్చాక ఈ కథల పుస్తకాల మీద పరీక్ష గాని, ప్రాజెక్టు గాని పెట్టకూడదని కూడా ఆ ఉత్తర్వులోనే ఒక వాక్యం చేర్చవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
ఏడో తరగతి విద్యార్థిని తండ్రి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా