వెనక్కి వచ్చిన మూడు మిగ్‌లు, వాటి వెన్ను మీద గీత

దసరా తర్వాత మేం కిట్ ముక్కలు అతికించి, రంగు వేసి డెలివరీ ఇచ్చిన మిగ్-21 యుద్ధ విమానం ప్లాస్టిక్ మోడళ్లలో మూడు వెనక్కి వచ్చాయి. తప్పు కిట్‌ది కాదు, రంగుది కాదు. తప్పు నాదే. ఏం జరిగిందో, ఇక మీదట ఏం మారుస్తున్నామో మీకు చెప్పాలి.

మొదట తెచ్చినాయన వైమానిక దళంలో గ్రౌండ్ స్టాఫ్‌గా పనిచేసి రిటైరయ్యారు. కౌంటర్ మీద మోడల్ పెట్టి, కాక్‌పిట్ వెనక నుంచి తోక దాకా వెన్ను మీద గోరు అడ్డంగా గీశారు. "గోరుకు తగులుతోంది చూడు బాబూ" అన్నారు. నేనూ గీసి చూశాను. తగిలింది. ఇచ్చిన రోజు అక్కడ గీత లేదు, రెండు నెలల తర్వాత తేలింది. మిగతా రెండింటిదీ ఇదే కథ.

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు పలికారు. 1963 నుంచి మన ఆకాశంలో ఎగిరిన విమానం కదా, ఆ వారమంతా ఫోన్లే ఫోన్లు. అందరికీ రెండు వారాల్లో ఇస్తానని మాటిచ్చేశాను. ఆ టెన్షన్‌లో నేను కోసేసింది ఒక్కటే, అతుకు ఆరే సమయం.

కిట్‌లో విమానం బాడీ శనగ బద్దల్లా ఎడమ, కుడి రెండు సగాలుగా వస్తుంది. వాటిని కలిపే మోడల్ సిమెంట్ మామూలు జిగురులా మధ్యలో నిలిచి పట్టుకోదు, పాలిస్టైరీన్ ప్లాస్టిక్‌నే కరిగించి రెండు అంచులనూ ఒకటి చేస్తుంది. మేం వాడే పల్చటి రకంలో అసిటోన్, బ్యూటైల్ ఎసిటేట్ ఉంటాయి. సగాలు రెండూ ఆనించి పట్టుకుని బ్రష్ కొన తాకిస్తే చాలు, దీపం వత్తి నూనె పీల్చుకున్నట్టు సందులోకి దానంతటదే పాకుతుంది. అప్పుడు కొద్దిగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నటి దారంలా పైకి ఉబుకుతుంది. ఆ దారం అంచు పొడవునా తెగకుండా వస్తే అతుకు బాగా కుదిరినట్టే. అది చూసినప్పుడల్లా నాకు ఇప్పటికీ సంతోషమే.

ముట్టుకుంటే గంటలో గట్టిపడినట్టే ఉంటుంది, కానీ లోపల ద్రవం ఇంకా ఉంటుంది, ప్లాస్టిక్ ఉబ్బే ఉంటుంది. నేను పొద్దున అతికించి సాయంత్రానికే వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) పట్టాను. ఉబ్బిన చోటును చదును చేశాను. తర్వాత ద్రవం మెల్లగా ఆవిరయ్యేకొద్దీ అతుకు కుంగింది, పైన వేసిన రంగూ దాంతోపాటే దిగింది. ఒక మోడల్‌కైతే లప్పం కూడా ఒకేసారి మందంగా పెట్టాను, అదీ ఆరాక పీక్కుపోయింది. మిల్లీమీటరులో పదో వంతు ఎంత అనిపిస్తుంది గానీ, 1/48 స్కేలులో, అంటే అసలు దానిలో 48వ వంతు సైజులో, అది అసలు విమానం మీద అర సెంటీమీటరు గాడి.

ఇప్పుడు అతికించిన బాడీని మూడు రోజులు ముట్టుకోవడం లేదు. నాలుగో రోజు బ్లేడును నిలువుగా పట్టి ఆ దారాన్ని గీకి, 400, 800, 1000 నంబర్ల వాటర్ పేపర్‌తో తడిపి రుద్దుతున్నాం. లప్పం అవసరమైతే పల్చగా రెండు పూతలు, మధ్యలో ఒక రోజు ఆగి. పైన బూడిదరంగు ప్రైమర్ కొట్టి, గదిలో లైటు ఆర్పి, టార్చి పక్క నుంచి వేసి చూస్తాం. నీడ కనిపిస్తే మళ్లీ మొదటికి. రుద్దుడులో చెరిగిపోయిన ప్యానెల్ గీతలను (విమానం రేకుల అంచులను చూపే సన్నటి గాళ్లను) సూదితో తిరిగి గీయడానికే ఒక పూట పడుతోంది.

ఆదివారం క్లాసుకు వచ్చే పిల్లలకు చెప్పేవి ఇక్కడా చెబుతాను. అతికే అంచుల మీద రంగు ఉంటే ముందు గీకేయండి, సిమెంట్‌కు ఉత్త ప్లాస్టిక్ తగలాలి. కాక్‌పిట్ అద్దం దగ్గరికి సూపర్ గ్లూ తేకండి, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారుతుంది. ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు.

కాబట్టి కట్టి ఇచ్చే మోడళ్లకు ఇకపై రెండు కాదు, నాలుగు వారాలు పడుతుంది. ఒకేసారి నాలుగు ఆర్డర్లకు మించి తీసుకోను. ఇప్పటికే బుక్ చేసినవారికి ధర మారదు. అంతకాలం ఆగలేమంటే అడ్వాన్సు మొత్తం తిరిగి ఇస్తాను, ఎవరూ మొహమాటపడొద్దు.

దసరా తర్వాత మా దగ్గర మిగ్ తీసుకున్నవారు ఒకసారి వెన్ను మీద గోరు అడ్డంగా గీసి చూడండి. తగిలితే పంపండి. రంగు తీసి, అతుకు సరిచేసి, మళ్లీ రంగు వేసి ఉచితంగా ఇస్తాను, రానూపోనూ కొరియర్ ఖర్చు నాదే. ప్యాక్ చేసేటప్పుడు ముక్కు దగ్గర పొడుచుకొచ్చిన సన్నటి గొట్టానికి ఏదీ ఆనకుండా చూడండి. బాడీని రెండు రెక్కల కింద స్పాంజి పెట్టి నిలబెడితే చాలు.