టీబీకీ క్యాన్సర్‌కీ తేడా చెప్పే ట్రేసర్ మన దగ్గరే రావాలి

సంపాదకులకు నమస్కారం.

నిరుడు మా బావమరిదికి రెండు నెలలు వదలకుండా జ్వరం వచ్చింది. మనిషి సగమైపోయాడు. ఛాతీలో గ్రంథులు వాచాయని చెప్పి నగరంలోని ఒక ఆసుపత్రిలో పెట్ స్కాన్ రాశారు. పొద్దున్నే ఖాళీ కడుపుతో తీసుకెళ్ళాను. వేలికి సూది గుచ్చి షుగర్ చూశారు, 200 దాటితే ఆ రోజు స్కాన్ లేనట్టేనట. సీసపు డబ్బాలోంచి సిరంజి తీశారు, ఆ సిరంజికీ మందపాటి తొడుగు. మందు ఎక్కించి, గంటసేపు కదలకుండా, మాట్లాడకుండా పడుకోమన్నారు. కండరాలు పని చేస్తే మందు వాటిలోకి పోతుందని నర్సమ్మ చెప్పింది.

రిపోర్టు బొమ్మల్లో ఛాతీ మధ్య నాలుగైదు చోట్ల దీపాలు పెట్టినట్టు వెలిగింది. ఇన్‌ఫెక్షన్ కూడా కావచ్చని డాక్టరుగారు రాసే ఉన్నారు, కానీ మా కళ్ళకి క్యాన్సర్ అనుమానం అన్న మాట ఒక్కటే కనిపించింది. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఆ రిపోర్టు వచ్చేదాకా పన్నెండు రోజులు ఆ ఇంట్లో పొయ్యి సరిగ్గా వెలగలేదు. చివరికి తేలింది టీబీ. ఆరు నెలల మందులతో తగ్గిపోయింది. అప్పుడు వాడు అడిగాడు: ‘అంత ఖరీదైన మిషన్‌కి టీబీకీ క్యాన్సర్‌కీ తేడా తెలీదా బావా?’

మిషన్ తప్పేం లేదు, పరిమితి అంతా ఎక్కించిన మందుది. శరీరంలో ఎక్కడ చేరిందో స్కాన్‌లో కనిపించే ఇలాంటి మందునే ట్రేసర్ అంటారు. దీని పేరు ఎఫ్‌డీజీ. గ్లూకోజ్ లాంటిదే, కాకపోతే అణువులో ఒక చోట రేడియోధార్మిక ఫ్లోరిన్-18 కూర్చుని ఉంటుంది. కణం చక్కెర అనుకుని లోపలికి లాక్కుంటుంది, వాడుకోలేక అక్కడే ఉంచేసుకుంటుంది. ఆకలి ఎక్కువున్న కణం ఎక్కువ వెలుగుతుంది. క్యాన్సర్ కణానికి ఆకలి ఎక్కువే, టీబీ మీద పోరాడే మన రక్షక కణాలకీ ఎక్కువే. 1976లో అమెరికాలో మొదటిసారి మనిషికి ఎక్కించిన ఈ మందే నేటికీ పెట్ స్కాన్లకు ప్రధాన ఆధారం. టీబీ అరుదైన దేశాలకు దీనితో పెద్ద చిక్కు లేదు. ప్రపంచంలోని టీబీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు, చిక్కంతా మనకే.

దారి లేకపోలేదు. ట్రెహలోజ్ అనే చక్కెర ఒకటుంది. మన శరీరం దాన్ని తయారు చేసుకోదు, టీబీ బ్యాక్టీరియాకి మాత్రం తన పైపొర కట్టుకోవడానికి అది కావాలి. టీబీ ఉన్న చోటే వెలగాలని దానికి ఫ్లోరిన్-18 తగిలించి, జంతువుల్లో వచ్చిన ఫలితాలను బ్రిటన్, అమెరికా శాస్త్రవేత్తలు 2024లో ప్రచురించారు. నాకు బాగా నచ్చిన సంగతేమిటంటే, దాన్ని ఎఫ్‌డీజీ నుంచే కొన్ని ఎంజైములతో చేసుకోవచ్చు. అంటే ఎఫ్‌డీజీ దొరికే ఊళ్ళో అదీ చేయొచ్చు. ఇలాంటి పని మన టీబీ కోసం మన ఊళ్ళో ఎందుకు జరగకూడదు?

నేను జీడిమెట్లలో ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో క్వాలిటీ కంట్రోల్‌లో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాను. మా దగ్గర ఒక బ్యాచ్ పాస్ కావాలంటే రోజులు, ఒక్కోసారి వారాలు. సూదిమందులో సూక్ష్మజీవులు లేవని తేల్చే స్టెరిలిటీ పరీక్షే పద్నాలుగు రోజులు. స్కాన్ మందులోని ఫ్లోరిన్-18 అయితే సుమారు 110 నిమిషాలకే సగమైపోతుంది. ఉదయం ఆరింటికి వంద పాళ్ళుంటే ఎనిమిదిన్నర అయ్యేసరికి నలభై కూడా ఉండదు, పదకొండున్నరకి పన్నెండు మిగిలితే గొప్ప. కాబట్టి పీహెచ్, స్వచ్ఛత, ఎండోటాక్సిన్ (బ్యాక్టీరియా వదిలే విషం), చివరి ఫిల్టర్ చిరగలేదన్న పరీక్ష గబగబా ముగించి మందు వదిలేస్తారు. స్టెరిలిటీ ఫలితం వచ్చేసరికి రోగి ఇంటికెళ్ళి రెండు వారాలవుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. ఆలోచిస్తే వేరే దారి లేదు. అందుకే అక్కడ యంత్రం కంటే ముందు తర్ఫీదైన మనుషులు కావాలి. మా కెమిస్టులను నేరుగా తెచ్చి కూర్చోబెడితే సరిపోదు.

ఆ మనుషులను తయారు చేయగల ఊరు మన హైదరాబాద్. తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, బాలానగర్‌లో ఔషధ విద్యాసంస్థ నైపర్, పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి, రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, ఎర్రగడ్డలో ఛాతీ ఆసుపత్రి. ట్రాఫిక్ ఎంత ఉన్నా ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఫ్లోరిన్-18 సగం కాకముందే చేరుకోవచ్చు. అయితే ఫ్లోరిన్-18ను తయారు చేసే యంత్రం సైక్లోట్రాన్. దాన్ని నడిపేవారికి రోజువారీ స్కాన్లకు ఎఫ్‌డీజీ అందించడమే ఒక యుద్ధం. కొత్త ట్రేసర్ మీద ప్రయోగానికి బీమ్ (ఆ యంత్రంలోంచి వచ్చే కణాల ధార) ఇవ్వమంటే ఎవరిస్తారు? వ్యాపారం చేసేవారిని తప్పు పట్టలేం. పరిశోధనకి రోజూ కొన్ని గంటలు రాసిపెట్టిన సైక్లోట్రాన్‌ను రాష్ట్ర ప్రభుత్వం, అణుశక్తి విభాగం, కేంద్ర పరిశోధన మండలి సీఎస్‌ఐఆర్ కలిసి ఇక్కడ పెట్టాలి. తెల్లవారుజామున ఎఫ్‌డీజీ ప్రభుత్వ ఆసుపత్రులకి, మధ్యాహ్నం యంత్రం పరిశోధకులకి.

అణు అన్న మాట వింటే కాలనీవాళ్ళు భయపడతారని నాకు తెలుసు. సైక్లోట్రాన్ రియాక్టర్ కాదు. స్విచ్ ఆపితే బీమ్ ఆగిపోతుంది, చుట్టూ మందపాటి కాంక్రీటు గోడలుంటాయి, అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) అనుమతి లేనిదే మొదలుపెట్టడానికి లేదు. తయారైన ఫ్లోరిన్-18లో ఒక రోజు గడిచాక ఎనిమిది వేలో వంతు కూడా మిగలదు.

సైక్లోట్రాన్‌కి డబ్బు, స్థలం, ఏళ్ళు పడతాయి, ఒప్పుకుంటాను. ట్రేసర్లకు వాడే మరో రేడియోధార్మిక పదార్థం గాలియం-68కి అది అక్కర్లేదు. జర్మేనియం-68 తనంతట తానే గాలియంగా మారుతూ ఉంటుంది, దాన్ని ఉంచే జనరేటర్ బల్ల మీద పెట్టుకునేంతే ఉంటుంది. ఆవును పితికినట్టు రోజూ గాలియం పితుక్కోవచ్చు. జర్మేనియం సగం కావడానికి 271 రోజులు పడుతుంది కాబట్టి ఒకసారి తెస్తే నెలల తరబడి పని నడుస్తుంది. అలాంటిది ఒకటి, దాని పక్కన రేడియోధార్మిక మందులు తయారు చేసే ఒక హాట్ ల్యాబ్, ఆ మందుల తయారీ నేర్పే రేడియోఫార్మసీ కోర్సుకి నైపర్‌లో కొన్ని సీట్లు. ఈ మూడింటికీ వచ్చే బడ్జెట్‌లోనే డబ్బు కేటాయించమని ఆరోగ్యశాఖ మంత్రిగారికి మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను.

– ఒక విశ్రాంత ఉద్యోగి, కూకట్‌పల్లి, హైదరాబాద్