పెన్సిల్‌తో గీసే అవుట్‌పుట్

సంపాదకులకు నమస్కారం.

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మొదలైతే సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్) సీట్లు ఎన్ని పెరిగాయి, ఏ ర్యాంకుకు ఏ కాలేజీ వస్తుంది అన్న వార్తలే పేపర్ల నిండా. చేరిన పిల్లలు నాలుగేళ్లు ఏం చేస్తే డిగ్రీ చేతికొస్తుందో మాత్రం ఎవరూ రాయరు. మా అమ్మాయి ఒక ప్రైవేటు కాలేజీలో బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. నా కళ్లబడింది రాస్తున్నాను.

మొన్న అర్ధరాత్రి దాటాక మంచినీళ్లకు లేస్తే, హాల్లో కింద కూర్చుని ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ రికార్డు రాస్తోంది. కుడివైపు గీతల పేజీలో పెన్నుతో ప్రోగ్రాం, ఎడమవైపు తెల్ల పేజీలో పెన్సిల్‌తో అవుట్‌పుట్, అంటే ప్రోగ్రాం నడిస్తే తెరమీద రావాల్సింది. పక్కన ఎవరో సీనియర్ రికార్డు తెరిచి ఉంది.

"ఇది కంప్యూటర్లో నడిచిందా తల్లీ?" అన్నాను.

"ఆ రోజు నా సిస్టమ్ ఆన్ కాలేదు నాన్నా. రేపు రికార్డు మీద సంతకం కాకపోతే ఇంటర్నల్ మార్కులు పోతాయి" అంది, తల ఎత్తకుండానే.

నేను మోటార్లు రివైండింగ్ చేసేవాణ్ణి. చుట్టిన మోటారు తిరిగితేనే డబ్బులిస్తారు. కాగితం మీద మోటారు బొమ్మ ఎంత బాగా గీసినా రూపాయి రాలదు.

సిలబస్ పాతదని తిట్టేవాళ్లు చాలామంది. నాకైతే తప్పు అక్కడ కనిపించలేదు. డిగ్రీకి 200 దాటి ఉండే క్రెడిట్లను, ఇంజినీరింగ్ చదువులను చూసే కేంద్ర సంస్థ ఏఐసీటీఈ 2018 నాటి నమూనా సిలబస్‌లో 160కి తగ్గించింది, ఇంటర్న్‌షిప్ పెట్టింది. వారానికి గంట పాఠానికి ఒక క్రెడిట్, ల్యాబ్ అయితే రెండు గంటలకు ఒకటి. డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్ (డేటాబేస్‌లు), నెట్‌వర్క్స్ లాంటి సబ్జెక్టులు ఎప్పటికైనా కావలసినవే. (ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్ అని బ్రాంచీల పేర్లు ఎన్ని మార్చినా మొదటి రెండేళ్ల పుస్తకాలు దాదాపు అవే. పక్కింటబ్బాయి పుస్తకాలు మా అమ్మాయి వాడుకుంది.) రూలు కాగితం మీద బాగానే ఉంది, ల్యాబ్ గదిలోకి వచ్చేసరికే తేడా కొడుతోంది.

ఫైనలియర్ ప్రాజెక్టు సంగతి ఇంకా ఘోరం. హైదరాబాద్ అమీర్‌పేటలో బీటెక్ ప్రాజెక్టులు దొరుకుతాయన్న బోర్డులు అందరూ చూసినవే. కోడ్, రిపోర్టు, పీపీటీ అన్నీ కలిపి ప్యాకేజీ. బ్యాచ్‌లో నలుగురుంటే డబ్బు తలా కొంచెం. మా బంధువుల అబ్బాయి వైవాలో (నోటి పరీక్షలో) ఎక్స్‌టర్నల్, అంటే బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్, అడిగింది రెండే ప్రశ్నలట: ఫ్రంట్ ఎండ్ (తెరమీద కనిపించే భాగం) ఏంటి, బ్యాక్ ఎండ్ (వెనక నడిచే భాగం) ఏంటి. పిల్లల్ని అని లాభం లేదు. అడగని పని ఎవరు చేస్తారు?

యూనివర్సిటీలు చేతిరాత రికార్డు ఎత్తేయాలి. ఏ వారం రాసిన కోడ్ ఆ వారం తేదీతో కోడ్ దాచుకునే వెబ్‌సైటు గిట్‌హబ్‌లో విద్యార్థి ఖాతాలో ఉంటే చాలు, సార్లు అక్కడే చూసుకోవచ్చు. వైవాలో ఎక్స్‌టర్నల్ ప్రాజెక్టులో ఏదో ఒకచోట చిన్న మార్పు చెప్పి, అరగంట టైమిచ్చి, తన ముందే నడిపించమనాలి. కొన్నదో రాసిందో అక్కడే తేలిపోతుంది. దీనికి కొత్త కమిటీలు అక్కర్లేదు, ఖర్చూ లేదు.

ఇంకొక్కటి. పిల్లలకు 75 శాతం హాజరు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు కదా. ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లు ఆన్ అవుతున్నాయో కూడా అలాగే రిజిస్టర్‌లో రాసి, తనిఖీకి వచ్చినవాళ్లకు చూపించమనండి.

- ఒక విద్యార్థిని తండ్రి, ఖమ్మం